చల్లపాలు

మా మరిదిని వీధిలో అందరూ డాక్టరుగారూ అని పిలిచేవాళ్లు. అతను డాక్టరు కాదు. మందుల షాపులో కౌంటరు వెనక నిలబడి, చీటీ చూసి మందులందించే మనిషి. నేను మాత్రం సగం డాక్టరనేదాన్ని, అదీ మొహం మీదే. "సగమే నయం వదినా, పూర్తి డాక్టరునైతే ముందు మీ నాలుక్కి మందు రాయాల్సొచ్చేది" అని నవ్వేవాడు. మాటకి మాట ఠపీమని అప్పజెప్పేవాడు. అలాంటి మనిషికి అసలు మాట్లాడాల్సిన చోట నోరు పెగల్లేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టుంటుంది.

అతను నా చెల్లెలి మొగుడు. వాళ్లు కిందివాటాలో, మేము పైవాటాలో ఉండేవాళ్లం. కిటికీ పక్కనే నా కుట్టుమిషను. పిల్లల గౌన్లు, బడి యూనిఫారాలు కుడతాను. కింద గుమ్మంలో ఎవరు నిలబడినా నాకు కనిపిస్తారు, ఏం మాట్లాడినా వినిపిస్తుంది. పనిగట్టుకుని వినను గానీ, చెవులు మూసుకుని కుట్టడం నాకు చేతకాదు.

మరిదికి చదువు మధ్యలోనే ఆగిపోయింది. తండ్రి పోయాక ఆ మందుల షాపులో అట్టపెట్టెలు విప్పే పనికి చేరాడు. యజమాని మంచివాడే గానీ బొత్తిగా ఓపిక లేని మనిషి. మందు పేరు చెప్పేవాడు కాదు. "పై అరలో కొసన ఎర్రమూత", "కింది అరలో పచ్చడబ్బా" అని కేకేసేవాడు. అలా మా మరిది మందుల్ని రంగును బట్టీ అరను బట్టీ నేర్చుకున్నాడు. తర్వాత పేర్లూ వచ్చాయి, ఏది దేనికో కూడా వచ్చింది. యజమానికి వయసు మీదపడి కుర్చీకే పరిమితమయ్యాక కౌంటరంతా ఇతనిదే అయింది. కానీ సీసా మీద రాత చదవడం మాత్రం అలవాటు కాలేదు. "చదవడం కొత్తగా చేరినవాళ్ల పని వదినా. నేను చెయ్యి చాపితే మందే చేతిలోకొస్తుంది" అనేవాడు. సీసాతోపాటు పెట్టెలో మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంటుంది చూశారా, దాన్ని అమ్మేముందే తీసి చెత్తబుట్టలో పడేసేవాడు. "ఇంటికెళ్లి చదువుకుని లేనిపోని భయాలు పెట్టుకుంటారు, మళ్లీ వచ్చి నా ప్రాణం తింటారు" అని దానికో సమర్థన.

మనిషి మాత్రం మంచివాడు, ఆ మాట ఒప్పుకుని తీరాలి. ముసలివాళ్లకి మాత్రలు సగానికి విరిచి పొట్లాలు కట్టి, పొద్దున వేసుకునే పొట్లం మీద సూర్యుణ్ణీ రాత్రి వేసుకునేదాని మీద చంద్రుణ్ణీ గీసి ఇచ్చేవాడు. జ్వరం వచ్చిన పిల్లతో ఏ తల్లి వచ్చినా ముందు ఆవిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చేవాడు. చంటిపిల్లల తల్లులకి అతని మాటంటే గురి. పిల్ల ఊరికే ఏడుస్తోందా, తిన్నది కక్కుతోందా, కడుపు పట్టుకుంటోందా, అన్నిటికీ అతని దగ్గర ఒకటే మందు. కడుపుమంటకి పెద్దవాళ్లు తాగే తెల్లటి చిక్కటి సిరప్పు. "ఓ మూత పట్టమ్మా, కడుపు చల్లబడుతుంది" అనేవాడు. పట్టేవాళ్లు. పిల్ల ఊరుకునేది. ఇంకేం, డాక్టరుగారి హస్తవాసి అలాంటిది అనేవాళ్లు.

వాళ్లకి ఒక్కతే కూతురు. మేమంతా ఉడుత అని పిలిచేవాళ్లం. ఒకచోట నిలిస్తేగా! మెట్లెక్కి నా దగ్గరకొచ్చి, గుండీల డబ్బా నేలమీద బోర్లించి, నేను తిట్టడానికి నోరు తెరిచేలోపు మళ్లీ కింద ఉండేది. "పెద్దమ్మా, నీ తిట్టు నాకు తగల్లేదోచ్" అని కిందినుంచి అరిచేది. బళ్లో చేరిన కొత్తలో, గబగబా తిని పరిగెత్తడం వల్లనో ఏమో, కడుపులో నొప్పని మెలికలు తిరిగిపోయింది. వాళ్ల నాన్న ఆ తెల్లమందు ఓ మూత పట్టబోతే పళ్లు బిగించేసింది. మందు పేరెత్తితే చాలు, ఇల్లు పీకి పందిరేసే పిల్ల. అప్పుడు అతనికో ఉపాయం తోచింది. చిన్న స్టీలు గ్లాసులో పోసి, "మందని ఎవరన్నారే? ఇవి చల్లపాలు. నీ ఒక్కదాని కోసమే తెచ్చాను" అన్నాడు. చూస్తే తెల్లగా ఉంది, నాలుక్కి చల్లగా తగులుతోంది. తాగేసింది. నొప్పీ తగ్గింది.

ఆ పూటతో ఆగితే ఏ గొడవా లేదు. మళ్లీ నొప్పి రాకూడదని మర్నాడూ పోశాడు. ఆ మర్నాడూ పోశాడు. చివరికి ఉడుత ఏం తిన్నా దాని వెనకాలే చల్లపాలు తాగాలనేది ఆ ఇంట్లో ఒక పద్ధతైపోయింది. మా చెల్లెలు మొగుడి మాటకి అడ్డు చెప్పే మనిషి కాదు, అందులోనూ మందుల విషయంలో అసలే చెప్పదు. ఏడాది తిరిగేసరికి అది మందన్న సంగతే అందరూ మర్చిపోయారు. సీసా ఖాళీ అయితే "ఏవండీ, చల్లపాలు నిండుకున్నాయి" అని, ఉప్పో పప్పో నిండుకున్నట్టే చెప్పేది మా చెల్లెలు.

తేడా మొదట నా టేపుకి చిక్కింది. కొత్త యూనిఫారానికి కొలతలు తీస్తూ "నిటారుగా నిలబడవే" అన్నాను. "నిలబడే ఉన్నా కదా పెద్దమ్మా" అంది. మడమలు రెండూ కలిపి నిలబెట్టాను. మోకాళ్లు కలవలేదు. మధ్యలో నా పిడికిలి దూరేంత సందుంది. కాళ్లు రెండూ బయటికి వంగి ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, ఈ మధ్య ఉడుత పైకి రావడమే మానేసింది. ఎప్పుడు పిలిచినా "నువ్వే కిందికి రా పెద్దమ్మా" అంటోంది. నేనేమో పిల్లకి బుద్ధొచ్చింది, గుండీల డబ్బా బతికిపోయింది అనుకున్నాను.

మరిదితో చెబితే "ఎదిగే పిల్లలకి కాళ్లు లాగుతాయి వదినా, నూనె రాసి మర్దన చేస్తే సర్దుకుంటాయి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "సగం డాక్టరువి, సగం చెప్పావు. మిగతా సగం చదువుకున్నవాళ్ల చేత చెప్పిద్దాం, నడువు" అని ముగ్గురినీ బయల్దేరదీసి ఆస్పత్రికి తీసుకెళ్లాను.

పిల్లల డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది, రక్తం, మూత్రం పరీక్షలకి పంపింది. అన్నీ వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. "ఎముకల చివర్లు మెత్తబడ్డాయి. పిల్ల బరువుకి కాళ్లు వంగుతున్నాయి. ఒంట్లో భాస్వరం బాగా తక్కువుంది."

"భాస్వరమా? అగ్గిపుల్లలకి పూస్తారు, అదేనా డాక్టరుగారూ?" అన్నాను, నోరూరుకోక.

ఆవిడ నవ్వింది. "అదే జాతిదమ్మా, కానీ అగ్గిపెట్టెలోది కాదు, తిండిలోది. ఎముక గట్టిపడాలంటే కాల్షియం ఒక్కటే చాలదు, భాస్వరమూ కావాలి. ఎదిగే పిల్లలకి మరీ కావాలి. అది పాలల్లో ఉంటుంది, గుడ్లలో, పప్పుల్లో, చేపల్లో, మాంసంలో, గింజల్లో, దాదాపు తినే ప్రతిదాంట్లోనూ ఎంతో కొంత ఉంటుంది. కడుపునిండా తినే పిల్లకి తగ్గడమన్నది మామూలుగా జరగదు. అందుకే నాకు అంతుపట్టడం లేదు."

తర్వాత మా చెల్లెల్ని గుచ్చి గుచ్చి అడిగింది. పిల్ల ఏం తింటుంది, ఎంత తింటుంది. చెల్లెలు ఒక్కొక్కటే చెప్పింది. గుడ్డు రోజూ తింటుంది, పప్పు తింటుంది, చేప అయితే ముళ్లు తీసిపెట్టాలి. పెరుగు లేకుండా పళ్లెం ముందు నుంచి లేవదు.

"పాలు తాగుతుందా?"

"తాగుతుందండీ. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఏం తిన్నా పైన చల్లపాలు కూడా తాగుతుంది."

"మంచిది. మందులేమైనా వాడుతున్నారా?"

"ఏమీ లేవండీ. ఒంట్లో ఎప్పుడూ బాగానే ఉంటుంది" అంది మా చెల్లెలు. దాని మనసులో అణువంత అబద్ధం లేదు. పక్కనే మరిది నిలబడి తలూపాడు. అప్పటికి అతని మనసులోనూ లేదు. నేనూ ఆ పక్కనే ఉన్నాను. ఆ ఇంటి మాట మా ముగ్గురికీ ఎంత అలవాటైపోయిందంటే, ఆవిడకి అది మామూలు పాలలాగే వినిపించిందని ఒక్కరికీ తట్టలేదు.

ఇంకోసారి పరీక్షలు చేశాకే ఏ మందైనా మొదలుపెడతానని, ఈలోగా ఇదే తిండి పెడుతూ కొన్ని వారాలాగి రమ్మని పంపించింది డాక్టరమ్మ. ఇంటికొచ్చి చెబితే వాళ్లతోనే ఉండే మరిది తల్లి బుగ్గలు నొక్కుకుంది. "ఇదేం వైద్యమమ్మా! పిల్లకి అగ్గిపెట్టెలు నమిలించాలా ఏం?" అంది. అందరం నవ్వాం. మరిది మాత్రం నవ్వలేదు. చొక్కా కూడా మార్చుకోకుండా షాపుకి వెళ్లిపోయాడు.

అక్కడేం జరిగిందో తర్వాత అతనే చెప్పాడు. డాక్టరమ్మ అన్న మాట అతని బుర్రలో తిరుగుతూనే ఉందట. తినే ప్రతిదాంట్లోనూ భాస్వరం ఉంటే, మరి తిన్నది ఏమవుతోంది? షాపులో కొత్త సరుకు విప్పుతూ ఆ తెల్లమందు పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. మడత కాగితం లాగాడు. అలవాటుగా చెత్తబుట్ట మీదికి పోయిన చెయ్యి ఆగింది. ఇన్నేళ్లలో మొదటిసారి దాన్ని విప్పి చదివాడు. ఆ మందులోని అల్యూమినియం తిండిలోని భాస్వరాన్ని పేగుల్లోనే పట్టేసుకుంటుంది, ఒంటికి అందనివ్వదు. ఎక్కువకాలం వాడితే ఎముకలు మెత్తబడే ప్రమాదముంది. పిల్లలకి డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదు. అదంతా చీమతలకాయంత అక్షరాల్లో ఉందట. కౌంటరు పట్టుకుని నిలబడ్డాను వదినా అన్నాడు.

ఆ రోజునుంచి చల్లపాలు పోయడం మానేశాడు. ఇంట్లో ఉన్న సీసా తీసి అటక మీద పాత పెట్టె వెనక దాచాడు. ఉడుత అడిగితే "షాపులో రావడం లేదమ్మా" అన్నాడు. పెళ్లానికి చెప్పేద్దామనే ఇంటికొచ్చాడట. ఆవిడేమో అన్నం వడ్డిస్తూ "మీరుండబట్టి సరిపోయింది. లేకపోతే ఆ డాక్టరమ్మ చెప్పేదాంట్లో నాకొక్క ముక్క అర్థమయ్యేది కాదు" అంది. ఇక చెప్పలేకపోయాడు. సిగ్గు అడ్డొచ్చింది. ఎలాగూ మానేశాను కదా, పిల్ల దానంతటదే బాగవుతుంది, ఎవరికీ తెలియాల్సిన పనిలేదు అనుకున్నాడు.

పిల్ల బాగవడం మొదలైంది కూడా. కొంపముంచింది అదే.

కొన్ని వారాల తర్వాత మళ్లీ వెళ్తే, రక్తంలో భాస్వరం పెరిగింది. నేను సంతోషంతో చెల్లెలి చెయ్యి నొక్కాను. డాక్టరమ్మ మొహంలో మాత్రం సంతోషం లేదు. కాగితాలు పక్కన పెట్టి, మా చెల్లెలి వైపే సూటిగా చూసింది.

"నేనింకా మందు మొదలుపెట్టలేదు. అయినా పెరిగింది. దీనర్థం ఏమిటో మీకు తెలుస్తోందా అమ్మా?"

"లేదండీ."

"ఇప్పుడు తిండి అందుతోందని. అంటే ఇదివరకు అందలేదని. మూత్ర పరీక్ష కూడా అదే చెప్పింది, ఒంట్లోకి వచ్చిన భాస్వరం మూత్రంలో బయటికి పోవడం లేదు. అసలు రానేలేదు."

"అప్పుడు పెట్టిందే ఇప్పుడూ పెడుతున్నానండీ" అంది మా చెల్లెలు.

"అందరు తల్లులూ అలాగే అంటారమ్మా."

నేను ఒంటికాలి మీద లేచాను. నా చెల్లెలు పిల్లకి తిండి పెట్టదా, వంటింట్లోంచి బయటికి రాని మనిషిని పట్టుకుని ఏం మాటలివి అని ఏదేదో అరిచాను. ఆవిడ ఓపిగ్గానే విని, మా ఆస్పత్రి నుంచి ఒకావిడ మీ ఇంటికొచ్చి చూస్తుంది, అవసరమైతే పిల్లని కొన్నాళ్లు వార్డులో పెట్టి మేమే తిండి పెడతాం, తల్లిని చూసి వెళ్లడానికి మాత్రమే రానిస్తాం అంది. ఇంత జరుగుతున్నా మా మరిది బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. నేల మీద గళ్లు తప్ప ఏమీ చూడలేదు. పెళ్లాన్ని అంత మాటంటే కాదని ఒక్క ముక్క అనలేకపోయిన మొగుణ్ణి చూసి నేనే సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు నరకం. మరిది తల్లి ఉండబట్టలేకపోయింది. "పిల్లకి నాలుగు ముద్దలు పెట్టడానికి ఏం మాయరోగమొచ్చింది?" అంది. పక్కింటికీ తెలిసింది, ఎదురింటికీ తెలిసింది. నీళ్లు పట్టుకోవడానికి వెళ్తే మాటలాపేసేవాళ్లట. మా చెల్లెలు ఉడుతని పొద్దస్తమానం పళ్లెం ముందు కూర్చోబెట్టింది. పిల్ల వద్దంటున్నా నోట్లో కుక్కేది. ఒకరోజు తిన్నదంతా కక్కేసి "చాలమ్మా, నేను బానే తిన్నానని డాక్టరుకి చెబుతాలే" అని ఏడ్చింది పిల్ల.

ఆ మధ్యాహ్నం చెల్లెలు పైకొచ్చి నా మిషను పక్కన నేలమీద కూలబడింది. "అక్కా, ఏమో, నిజంగానే నేను సరిగా పెట్టలేదేమో. గుడ్డు పెట్టాననుకుంటున్నాను, మరి రోజూ పెట్టానా? పిల్ల పళ్లెంలో వదిలేస్తే చూసుకోలేదేమో. లేకపోతే ఇప్పుడెందుకు పెరుగుతుందే?"

"నీకేమైనా మతిపోయిందా? నేను చూళ్లేదా నువ్వు పెట్టడం?" అని కసిరాను. కానీ దాని కళ్లల్లో చూస్తే భయమేసింది. చెయ్యని తప్పు చేశానని తనే నమ్మేస్తోంది.

కోపం పట్టలేక కిందికి దిగి మరిదిని నిలదీశాను. "ఏమయ్యా, నీ పెళ్లాం నీ ఎదురుగా కుమిలిపోతుంటే నీకు చీమ కుట్టినట్టైనా లేదా? వీధిలో అందరికీ చెబుతావే నీతులు, ఆ డాక్టరమ్మకి నా భార్య అలాంటిది కాదని చెప్పలేవా?"

"కొంచెం ఆగండి వదినా" అన్నాడు.

"ఏం ఆగాలి? పిల్లని తీసుకుపోయేదాకానా?"

మొహం రెండు చేతుల్తో కప్పుకుని ఏడ్చాడు. పెళ్లాం మీద జాలితో ఏడుస్తున్నాడనుకున్నాను నేను. పిచ్చిదాన్ని, ఊరుకోమని భుజం కూడా తట్టాను.

ఆస్పత్రి ఆవిడ వచ్చింది. చేతిసంచీ, నెరిసిన జుట్టు, మెత్తటి మాట. ఎవర్నీ తప్పుపట్టినట్టు కనిపించలేదు. వంటింట్లో పీట వేసుకుని కూర్చుంది. పప్పు డబ్బాలు చూపించమంది, గుడ్ల బుట్ట చూసింది, పాలగిన్నె మూత తీసింది. పక్కన మరిది తల్లి, నేను. గుమ్మంలో మరిది నిలబడ్డాడు. ఉడుతని దగ్గరికి పిలిచి జుట్టు సవరిస్తూ అడిగింది.

"అమ్మ నీకు బాగా పెడుతుందా తల్లీ?"

"ఊఁ, బాగా పెడుతుంది."

"ఇదివరకు కంటే ఇప్పుడు ఎక్కువ పెడుతోందా?"

"ఇప్పుడా? బోలెడు! వద్దన్నా పెడుతుంది."

పిల్ల తల్లిని వెనకేసుకొస్తున్నాననే అనుకుంది. ఆవిడ మా చెల్లెలి వైపు తిరిగి, చాలా నెమ్మదిగా, "చూడమ్మా, ఇంటిపని, ఒంట్లో నలత, మనసు బాగోకపోవడం, ఏదైనా కావచ్చు. తప్పని కాదు. ఉన్నది చెప్పుకుంటే మేము సాయం చేస్తాం" అంది.

మా చెల్లెలు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "అవునండీ" అంది. "నేనే సరిగా పెట్టలేదేమోనండీ. నాదే తప్పు. కానీ పిల్లని తీసుకెళ్లకండి. ఇకమీదట..."

"ఆవిడ పెట్టిందండీ."

గుమ్మంలోంచి వచ్చింది ఆ మాట. మరిది గొంతని నాకు వెంటనే తెలియలేదు, అంత బొంగురుగా ఉంది. "అన్నీ పెట్టింది. ఒంటికి పట్టనివ్వనిది నేను."

స్టూలు వేసుకుని అటకెక్కి సీసా దించాడు. తెచ్చి ఆవిడ ముందు నేలమీద పెట్టాడు. జేబులోంచి మడతలు నలిగిన కాగితం తీసి దాని పక్కన పెట్టాడు. అక్కడే చతికిలబడి, చల్లపాలంటే ఏమిటో, ఎప్పటినుంచి పోశాడో, ఎందుకు పోశాడో అంతా చెప్పాడు. అతని తల్లి "ఓరి నాయనో" అంటూ గోడకి ఆనుకుంది. నాకు నోటమాట లేదు. నా బతుకులో నాకు మాట దొరకని రోజు అదొక్కటే.

మా చెల్లెలు సీసా వైపు చూసింది, కాగితం వైపు చూసింది. ఏడుపాపేసింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

అతను కాగితం మడతలు సరిచేస్తూ కూర్చున్నాడు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. ఎప్పుడు తెలిసింది?"

"మొదటిసారి ఆస్పత్రికెళ్లొచ్చిన రోజే."

"పోయడం తెలియక పోశారు. నేనూ చూస్తూ ఊరుకున్నాను, అది సరే" అంది చెల్లెలు. గొంతు పెంచలేదు. "డాక్టరమ్మ నన్ను ఆ మాటంటుంటే, తెలిసే నా పక్కన నిలబడ్డారా? మీ అమ్మ అంటుంటే తెలిసే అన్నం తిన్నారా? నా చేత్తో నేనే పిల్లని మాడ్చానని రోజూ ఏడుస్తుంటే, తెలిసే నా పక్కన పడుకున్నారా?"

అతని తల వాలిపోయింది. "సిగ్గేసింది" అన్నాడు.

"మీకు వెయ్యాల్సిన సిగ్గు నాకిచ్చారు" అని లేచి, ఉడుత చెయ్యి పట్టుకుని గదిలోకి వెళ్లిపోయింది.

ఆస్పత్రి ఆవిడ అక్కడినుంచే డాక్టరమ్మకి ఫోను చేసింది. మాట్లాడి పెట్టేశాక చెప్పింది. మానేశారు కాబట్టి ఎముకలు మళ్లీ గట్టిపడతాయి, ఎదిగే వయసు గనక కాళ్లు కూడా చాలామటుకు చక్కబడతాయి, తల్లి పెట్టే తిండే పెడుతూ ఉండమన్నారు, పిల్లని వార్డుకి తీసుకురానక్కర్లేదు. తల్లిని ఆ మాటన్నందుకు తనే వచ్చి మాట్లాడతానన్నారు డాక్టరమ్మగారు, అని కూడా చెప్పింది. నా ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టయింది. సంచీ సర్దుకుని లేస్తూ ఆవిడ సీసా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇది పిల్లలకివ్వడం ఒక్క మీ ఇంట్లోనేనా?" అంది మరిదితో.

అతను పైకి చూసిన చూపు నేను మర్చిపోలేను. అప్పటిదాకా తన కూతురు, తన పెళ్లాం తప్ప మనసులో ఇంకెవరూ లేరు పాపం. వేళ్లు మడుస్తూ ఇళ్లు లెక్కపెట్టబోయి మధ్యలో ఆపేశాడు. ఆవిడ రెట్టించలేదు. "ఎవరెవరికిచ్చారో మీకే తెలుసు. మీరే చెప్పాలి. ఆ పిల్లల్ని ఆస్పత్రికి తీసుకురమ్మనండి" అని వెళ్లిపోయింది.

సాయంత్రం చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. నేనూ వెనకాలే వెళ్లాను, తోడుకి కాదు, ఎక్కడైనా మాట మింగేస్తాడేమోనని. ఉడుత నా చెయ్యి వదల్లేదు. మెల్లగా నడుస్తూ వచ్చింది. గుమ్మం గుమ్మానికీ ఆగాం. తలుపు తీసినవాళ్లంతా "రండి డాక్టరుగారూ" అనేవాళ్లు. "నేను డాక్టర్ని కాదమ్మా" అని మొదలుపెట్టేవాడు. కొందరు ఎప్పుడో మానేశాం అన్నారు. మేస్త్రీ పెళ్లాం "మా పిల్లకేమైనా అయితే నీ షాపు తగలబెడతా" అని వీధంతా వినేలా అరిచింది. అన్నీ పడ్డాడు. ఒకచోట కూడా సాకు చెప్పలేదు.

వీధి చివర ట్యూషన్లు చెప్పే ఆవిడ ఇల్లు. చంకలో చంటివాడు. వాడికి నడక వచ్చే వయసు దాటింది గానీ ఇంకా నడవడం లేదు. కొందరు పిల్లలకి ఆలస్యమవుతుందిలే అనుకునేవాళ్లం అందరం. మరిది చెప్పిందంతా ఆవిడ నవ్వుతూ కొట్టిపారేసింది.

"ఎవరో మిమ్మల్ని భయపెట్టారు డాక్టరుగారూ. మీ పాపకీ ఇదే పోస్తారని మీరే చెప్పారుగా. ఆ ధైర్యంతోనే కదా నేనూ మానకుండా పోస్తున్నాను?"

మరిది ఒక అడుగు వెనక్కి వేశాడు. ఉడుత నా చెయ్యి వదిలించుకుంది. అటూ ఇటూ ఊగుతూ నడిచి వెళ్లి ఆవిడ ముందు నిలబడింది. రెండు చేతుల్తో గౌను మోకాళ్ల పైకి పట్టుకుంది.

"ఇలా అవుతాయి ఆంటీ" అంది.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఆ కాళ్ల వంక చూసింది. చంటివాణ్ణి చంకలోంచి దించింది, చంకల కింద పట్టుకుని గుమ్మంలో నిలబెట్టింది, వాడి లాగు పైకి మడవడం మొదలుపెట్టింది. మా మరిది మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఇటు చూడవయ్యా" అన్నాను.

చూశాడు.